అడెలా గెలిచిన తుపాకీ

పోయిన వారం మా అడెలాని దుబ్రావా ఫైరు దళం వాళ్ళ విందులో, చేతిలో బంగాళాదుంపల పళ్ళెంతో, నోరు తెరిచింది తెరిచినట్టే వదిలేసి వచ్చాం. ఆవిడ లాటరీ టికెట్టు కొన్నది రెండో బహుమతి కోసం. అది మాంసం దాచుకునే పెద్ద ఫ్రీజర్. తగిలింది మాత్రం మొదటి బహుమతి. నల్లగా, పొట్టిగా, టీవీ వార్తల్లో సైనికుల చేతుల్లో కనిపించేలాంటి రైఫిల్. ఫ్రీజర్ ఎవరికి తగిలిందో అడక్కండి. పెళ్ళాం వదిలేశాక రోజూ నా మాంసం కొట్లో సాసేజీ రొట్టె తిని బతుకుతున్న మనిషికి తగిలింది. దేవుడికి కూడా అప్పుడప్పుడు వేళాకోళం చెయ్యాలనిపిస్తుంది కాబోలు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. నేను వ్లాస్తాని, ఊళ్ళో మాంసం కొట్టు నడిపేదాన్ని. అడెలా నా తమ్ముడు రేమండ్ భార్య. ట్రాక్టర్ తిరగబడి తమ్ముడు పోయాక, వాగు పక్క మొక్కజొన్న చేను రెండేళ్ళుగా అడెలాయే చేస్తోంది. చేను మాత్రం మా నాన్న ఎమిల్ పేరున ఉంది. నిరుడు పంటంతా అడవి పందులు మేసేశాయి. ఈ ఏడూ అదే జరిగితే చేను మా బాబాయి కొడుకు డెల్బర్ట్‌కి కౌలుకిచ్చేస్తానని క్రిస్మస్ భోజనాల దగ్గరే నాన్న తేల్చి చెప్పాడు. ఈ వసంతంలో వేసిన మొదటి విత్తనాన్ని పందులు సాలు వెంబడి ముట్టెతో గీసుకుంటూ, దారప్పోగు లాగినట్టు, ఒక్క గింజ వదలకుండా తినేశాయి. రెండోసారి వేసింది ఇప్పుడిప్పుడే మొలకెత్తింది. మూడోసారి వెయ్యడానికి అదను ఉండదు. ఈ మొలకలు పోతే అడెలా ఆ చేను గట్టు దిగి, నా కొట్లో జీతానికి తక్కెడ ముందు నిలబడాల్సిందే. తను నిలబడనంటుంది. నాకూ ఇష్టం లేదు.

తుపాకీల కొట్లో ప్రభుత్వం తనిఖీ అదీ అయ్యి ఆ రైఫిల్ అడెలా చేతికి వచ్చింది. ఆ ఆదివారం చర్చి నుంచి ఎప్పట్లాగే అందరం నాన్న ఇంటికి భోజనానికి చేరాం. నూడిల్స్ వేసిన కోడి సూపు, పులిసిన క్యాబేజీ, నేను గసగసాలు కూరి చేసిన తీపి రొట్టెలు, అదే మా కొలాచీలు. అడెలా తుపాకీని ట్రక్కులో ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసి వచ్చింది. తెచ్చి చూపించమని డెల్బర్ట్ గోల. ఆ నల్ల దరిద్రం తన గుమ్మం దాటడానికి వీల్లేదని నాన్న.

“అది వేటగాడి తుపాకీ కాదురా, జడిసినవాడి తుపాకీ,” అన్నాడు నాన్న. “ఒక్క తూటా ఉన్నవాడు చూసి కాలుస్తాడు. ముప్పై ఉన్నవాడు కాల్చి చూస్తాడు.”

“మీ రెండో తూటా ఎక్కేదాకా పందులు వరసలో నిలబడి ఆగుతాయా పెదనాన్నా?” అన్నాడు డెల్బర్ట్.

అలా మొదలైన వాదన సూపు చల్లారిపోయినా ఆగలేదు. డెల్బర్ట్ దగ్గర అలాంటివి నాలుగున్నాయి. నాలుగు తుపాకులున్నా ఇంతవరకు ఒక్క పంది తోక తెచ్చి మాకు చూపించలేదు, అది వేరే సంగతి. వాడు చెప్పినదాంట్లో మాత్రం నిజముంది. దూడల గేటు తగిలి అడెలా కుడి భుజం విరిగిన దగ్గర్నుంచి జింకల తుపాకీ పేలిస్తే ఆ తన్నుకి తనకి కళ్ళనీళ్ళు వచ్చేవి. ఈ రకం తన్నదు. బరువు తక్కువ. భుజానికి ఆనించే భాగాన్ని మనిషిని బట్టి ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. సన్నగా ఉండే వాడి భార్యా, దున్నలాంటి వాడి బావమరిదీ ఒకే తుపాకీ వాడుకుంటారట. అన్నిటికంటే ముఖ్యం, జింకల తుపాకీకి లాగా తూటా తూటాకీ గడియ లాగక్కర్లేదు. మీట నొక్కినప్పుడల్లా ఒక తూటా వెళుతుంది, రెండోది తనంతట తనే ఎక్కుతుంది. మంద చెదిరిపోయేలోపు నాలుగైదు పందుల్ని పడగొట్టొచ్చని వాడి లెక్క.

బెన్నీ మారెష్ అంతసేపూ కొలాచీలు తింటున్నాడు. పందుల్ని బోనుల్లో పట్టడం అతని పని. అడెలా కోసం వాగు ఒడ్డున ఇనప కంచె పలకలతో ఒక పెద్ద గుండ్రటి బోను కట్టాడు. మా చర్చి పారిష్ హాల్లో నాట్యం చేసే చోటంత ఉంటుంది. దాని తలుపు ఫోనులో మీట నొక్కితే పడుతుంది. బీరులో నానేసి పులియబెట్టిన మొక్కజొన్నకి స్ట్రాబెర్రీ జెల్లీ పొడి కలిపి రోజూ లోపల పోసి వస్తున్నాడు. అంత ముస్తాబు చేసిన తిండి అతనింట్లో అతను కూడా తినడు. అడెలా పొలానికి ఇంత శ్రద్ధ ఎందుకో ఊరందరికీ తెలుసు, అడెలాకి తప్ప.

“కాలిస్తే రెండు చస్తాయండీ, పాతిక చదువుకుంటాయి,” అన్నాడు చివరికి బెన్నీ. “మళ్ళీ అవే వస్తాయి. ఈసారి తెలివిగా వస్తాయి.”

అతని బాధంతా ఒక ముసలి ఆడపందితో. దానికి అతను మేయరమ్మ అని పేరు పెట్టాడు. మందంతా లోపలికి వెళ్ళి తింటుంది, మేయరమ్మ మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ముక్కు ఎగబీలుస్తుంది. అది లోపలికి రాకుండా తలుపు వేస్తే ప్రయోజనం లేదు. బయట మిగిలిందే వచ్చే ఏటికి ఇంకో మందని కని, బోను గుమ్మం తొక్కకూడదని వాటికి నేర్పిస్తుంది. పైగా ఆ తూటా చిన్నదే అయినా దూరం పోతుందనీ, వాగుకి అవతల హ్యూస్టన్ నగరం వాళ్ళు వారాంతపు ఇల్లు కట్టుకున్నారనీ, ఇలాంటి తుపాకీ ఉందని తెలిస్తే దొంగలు ట్రక్కు అద్దాలు పగలగొడుతున్నారనీ బెన్నీ మెల్లగా చెప్పాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఎవడైనా ఒకడు అబద్ధం చెబితే మిగిలినవాళ్ళ పక్షం చేరిపోవచ్చు.

అడెలా గిన్నెలు కడిగేసి, చేతులు తుడుచుకుని, ముందు అది ఎలా పేలుతుందో చూస్తానంది. బోనుకి దూరంగా, పశువుల బీడు చివర పాత చెరువు తవ్వినప్పటి మట్టి గుట్ట ఉంది. తూటాలు అందులో దిగితే ఎక్కడికీ పోవు. నేనూ, బెన్నీ వెంట వెళ్ళాం. నాన్న, డెల్బర్ట్ వరండాలో చుక్కల పలకలు పరుచుకుని డామినోల ఆటకి కూర్చున్నారు.

మొదటి తూటాకి అడెలా కళ్ళు గట్టిగా మూసుకుంది. భుజం ఎక్కడ కలుక్కుమంటుందోనని పళ్ళు బిగించింది. తుపాకీ పేలింది. ఆవిడ ఒక కన్ను తెరిచి భుజం వైపు చూసుకుంది, ఆ భుజం ఇంకొకరిది అన్నట్టు. తర్వాత రెండో తూటా, మూడోది. గుట్టకి ఆనించిన కాఫీ డబ్బా ఎగిరి పడింది. అప్పుడు నవ్వింది చూడండి, రేమండ్ పోయాక ఆ నవ్వు నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది. బెన్నీ అయితే డబ్బా సరిచేసే నెపంతో అటు తిరిగి నిలబడిపోయాడు.

“నొప్పి లేదు వదినా,” అంది. “అసలు లేదు.”

నన్నూ కాల్చమంది. వద్దు వద్దంటూనే పుచ్చుకున్నాను. అబద్ధమెందుకు, భలేగా ఉంది. డబ్బా ఎటు దొర్లితే అటు తిప్పి నొక్కాను, మళ్ళీ దొర్లింది, మళ్ళీ నొక్కాను. ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది. ఖాళీ అయిపోయిందని బెన్నీ చెబితే తప్ప తూటాలు ఎప్పుడైపోయాయో నాకు తెలియలేదు. చివరి రెండు తూటాలు గుట్టకి పక్కగా పోయాయని కూడా అతనే చెప్పాడు. వెంటనే తుపాకీ అడెలా చేతికి ఇచ్చేశాను. నాన్న సూపు దగ్గర అన్న మాట గుర్తొచ్చింది గాని, ఆ మాట ఆయనతో ఒప్పుకునే ఉద్దేశం నాకు లేదు.

మా ఊళ్ళ వైపు తుపాకీ కాల్చినవాళ్ళు ఖాళీ తూటా డొప్పలు ఏరుకుని వెళ్ళడం అలవాటు. ఇత్తడి కదా, మళ్ళీ మందు కూరి వాడుకుంటారు. పైగా దున్నేటప్పుడు టైర్లకి అడ్డం పడకుండా ఉంటాయి. మేము మావి ఏరుకుని, బోను ఎలా ఉందో చూడ్డానికి వాగు వైపు దిగాం. బోనుకి ఇవతల ఒక పెకాన్ కాయల చెట్టుంది. దాని మొదట్లో అడెలా ఆగిపోయింది. వంగి గడ్డిలోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుంది. అదీ ఇత్తడి డొప్పే. మేము కాల్చినవాటి సైజే.

“మనం ఇక్కడ కాల్చలేదు కదా?” అంది.

వెతికితే ఇంకా దొరికాయి. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని నిన్నో మొన్నో పడినట్టు మెరుస్తున్నాయి. అన్నీ బోను వైపు తిరిగి కూర్చునే మనిషికి కుడి పక్కన వచ్చే చోటే పడి ఉన్నాయి. బెన్నీ ముఖం ఎర్రబడిపోయింది. అతను గట్టిగా అరిచే మనిషి కాదు. అరిచుంటే నయమనిపించింది.

“మేయరమ్మ గుమ్మం ఎందుకు దాటట్లేదో ఇప్పుడు తెలిసింది,” అన్నాడు. “నేను తిండి పెడుతున్నాను, ఎవరో తూటాలు పెడుతున్నారు.”

ఎవరో ఏమిటి? మా ముగ్గురి బుర్రల్లోకీ ఒకే పేరు వచ్చింది. పంట పోతే చేను ఎవరికి దక్కుతుంది? ఇలాంటి తుపాకులు నాలుగు ఎవరి దగ్గరున్నాయి? అడెలా డొప్పల్ని గుప్పిట్లో పోసుకుని వెనక్కి తిరిగింది. గట్టు ఎక్కేటప్పుడు ఆవిడ వెనక నేను పరిగెత్తాల్సి వచ్చింది. నా వయసుకీ ఒంటికీ పరుగు తగదు, అయినా ఆ గొడవ మొదటి ముక్క నుంచీ వినకపోతే నాకు అన్నం సయించదు.

వరండాలో ఆట జోరుగా ఉంది. అడెలా గుప్పిట్లో డొప్పలన్నీ డామినోల మధ్య పోసింది. పలకలు చెల్లాచెదరయ్యాయి.

“ఇవి నీవేనా డెల్బర్ట్?”

డెల్బర్ట్ డొప్పల వైపు చూడలేదు. నాన్న వైపు చూశాడు. చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

“తుపాకీ నాదే వదినా. కాల్చింది మాత్రం నేను కాదు.”

“నోరు ముయ్యరా,” అన్నాడు నాన్న.

పలకలు సర్దుతున్న నాన్న చేతులు ఆగిపోయాయి. ఆ చేతులు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కీళ్ళు ఉబ్బి, వేళ్ళు ఒక పక్కకి తిరిగిపోయి, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటే గాని నోటి దాకా రాదు. అయినా ఆ చేతులతో ఆయన ఏం చెయ్యలేడో నేనెప్పుడూ ఆలోచించలేదు. గోడకున్న ఆయన జింకల తుపాకీని ప్రతి శనివారం నూనె గుడ్డతో తుడుస్తూ కూర్చుంటే వేటకి సిద్ధమవుతున్నాడనుకునేదాన్ని. దాని గడియ లాగే శక్తి ఆయన వేళ్ళకి పోయి రెండేళ్ళయిందట. గడియ లాగక్కర్లేని తుపాకీ కావాలంటే ఎవర్ని అడుగుతాడు? డెల్బర్ట్‌ని అడిగాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. తెల్లవారక ముందే లేచి పెకాన్ చెట్టు కింద కూర్చుని, కోడలి చేనుకి కాపలా కాస్తున్నాననుకుని, ఆ జడిసినవాడి తుపాకీనే పేల్చి వస్తున్నాడు.

“కాల్చింది నేను,” అన్నాడు నాన్న. గొంతులో పెంకితనం తగ్గలేదు గాని, కళ్ళు మాత్రం పలకల మీదే ఉన్నాయి.

ఎన్నిటిని చంపారని బెన్నీ అడిగాడు. ఒక పిల్ల పందిని అని నాన్న గొణిగాడు. అదీ తూటా తగిలి పోయిందో, చప్పుడుకి గుండాగి పోయిందో ఆయనకే నమ్మకం లేదు.

కంచే చేను మేసిందని వింటాం గాని, ఆ కంచె మన నాన్నే అయితే ఎవరి మీద కోపగించుకోవాలో తెలియదు. నేను నోరు విప్పబోయాను. అడెలా చెయ్యెత్తి నన్ను ఆపింది. తన కోపం నా కోపం కంటే పెద్దది. రెండుసార్లు విత్తనం వేసి, నడుము పడిపోయేలా మొలకల మధ్య తిరిగిన మనిషి మరి.

“మామయ్యా, చెప్పి కాల్చుంటే మిమ్మల్ని ఆ చెట్టు కింద నేనే కూర్చోబెట్టేదాన్ని,” అంది. “పొద్దున్న లేచి వాగు దగ్గరికి వెళ్ళి, పందులింకా లోపలికి రాలేదని బెన్నీ చెబుతుంటే, నా చేతిలోనే ఏదో లోపముందనుకున్నాను. రేమండ్ అయితే ఇలా చేసేవాడు కాదనుకుని ఏడ్చాను. మీరు వరండాలో కూర్చుని చూశారు కదా నన్ను.”

నాన్న తల ఎత్తలేదు. “ఈ తుపాకీని పదిమందిలో తిట్టిన నోటితో, అదే నాకు దిక్కయిందని ఎలా చెప్పమంటావే?” అన్నాడు.

ఆ మాటకి అడెలా కోపం సగం దిగిపోవడం నేను చూశాను. కానీ మిగతా సగం ఎటు తిరగాలో అటు తిరిగింది.

“డెల్బర్ట్, బోను పక్కన కాలిస్తే మంద బెదిరిపోతుందని నీకు తెలుసా?”

“ఈ ఊళ్ళో తెలియనిదెవరికి?”

“మామయ్యకి చెప్పావా?”

డెల్బర్ట్ ఒక డామినో పలకని బల్ల మీద నిలబెట్టాడు. అది పడిపోతే మళ్ళీ నిలబెట్టాడు. “ఆయన అడగలేదు,” అన్నాడు.

నాన్న వాడి వైపు చూశాడు. ముసలాయన తెలివి మందగించిందేమో గాని, మనుషుల్ని చదవడం మర్చిపోలేదు. లోపలికి వెళ్ళి, తన మంచం కింద నుంచి ఆ అరువు తుపాకీ తెచ్చి, తూటాలు తీసేసి డెల్బర్ట్ ఒళ్ళో పెట్టాడు. ఇంటికి పట్టుకుపొమ్మన్నాడు. డెల్బర్ట్ లేస్తూ కౌలు సంగతేమిటని అడిగాడు. వాడి ధైర్యానికి దణ్ణం పెట్టాలి. మాట మాటేనన్నాడు నాన్న. పంట నిలబడితే చేను అడెలాది, పోతే డెల్బర్ట్‌ది. తను చేసిన నష్టాన్ని తనే లెక్కలోంచి తీసేస్తే ఊళ్ళో తన మాటకి విలువుండదట. ఇదెక్కడి న్యాయమని నేను ఎగిరాను. నా మాట ఎవరూ వినలేదు.

“సరే మామయ్యా,” అంది అడెలా. “అయితే నాదీ ఒక మాట. బోను తలుపు పడేదాకా వాగు దగ్గర తుపాకీ మోగకూడదు. మీది గాని, నాది గాని.”

“పడ్డాక?”

“పడ్డాక రండి. మీరే ముందు రండి.”

సోమవారం నుంచి వాగు దగ్గర చప్పుడు లేదు. బెన్నీ పులిసిన మొక్కజొన్న మోతాదు పెంచాడు, పందులొస్తే ఫోను మోగేలా బోను కెమెరా సరిచేశాడు. చేను చుట్టూ కరెంటు తీగ లాగారు గాని, మేయరమ్మకి అదొక లెక్కా? మూడు సాళ్ళు పోయాయి. అడెలా ప్రతి పొద్దూ ఆ మూడు సాళ్ళ దగ్గర నిలబడి, తుపాకీ ఉన్న ఇనప పెట్టె వైపు చూసి, దాన్ని తాకకుండా వెనక్కి వచ్చేసేది. చేతిలో ఆయుధం పెట్టుకుని ఊరుకోవడం ఎంత కష్టమో ఆ వారం ఆవిడ ముఖంలో చూశాను. డెల్బర్ట్ రోజుకోసారి గట్టు మీద ట్రక్కు ఆపి మొలకలు చూసి పోతున్నాడు.

శుక్రవారం వచ్చింది. ఈస్టర్ ముందు మాంసం మానేసే ఉపవాసాల రోజులు కాబట్టి సాయంత్రం పారిష్ హాల్లో చేపల వేపుడు. నేను నూనె మూకుడు దగ్గర, అడెలా పళ్ళేల దగ్గర, బెన్నీ పిండి కలిపే దగ్గర. నాన్న మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయాడు. నొప్పి మోకాళ్ళలో లేదని అందరికీ తెలుసు. ఇంకా పొద్దు వాలలేదు, హాలు కిటికీల్లోంచి ఎండ బల్లల మీద పడుతోంది. బెన్నీ జేబులో ఫోను మోగింది. పిండి చేతులతోనే తీశాడు. తీసి, మమ్మల్ని రమ్మని మోచేత్తో సైగ చేశాడు.

మేము అతని భుజాల మీంచి చూశాం. తెర మీద బోను, లోపల నల్లగా కదులుతున్న వీపులు. గుమ్మంలో మేయరమ్మ. ఒక కాలు లోపల, మిగతా ఒళ్ళంతా బయట. అది ముక్కెత్తి గాలి వాసన చూసింది. నా మూకుట్లో చేప మాడిపోతోంది, మాడనీ అనుకున్నాను. దాని రెండో కాలు లోపలికొచ్చింది. తర్వాత ఆ పెద్ద పొట్ట. తర్వాత తోక.

బెన్నీ ఫోను అడెలా వైపు చాపాడు. “చేను మీది. మీరే నొక్కండి,” అన్నాడు.

అడెలా నొక్కింది. తెర మీద తలుపు పడింది, చప్పుడు వినిపించకపోయినా మేమందరం ఉలిక్కిపడ్డాం. హాలంతా ఒక్కసారి హోరెత్తింది. ఫాదరు గారు సైతం చేప ముక్క చేత్తో పట్టుకునే చప్పట్లు కొట్టారు. నేను అడెలాని కావలించుకుని గిర్రున తిప్పాను. బెన్నీని కూడా కావలించుకోబోయి, ఆ పని అడెలాకి వదిలేశాను. ఆవిడ చేసింది. అతని వీపంతా నూనె చేతుల ముద్రలు.

ముగ్గురం అడెలా ట్రక్కులో పడ్డాం. దారంతా నవ్వులే. ఏ పందిని ఎవరికి ఇవ్వాలో, నా కొట్లో ఎన్ని సాసేజీలు చుట్టొచ్చో లెక్కలు కట్టాం. బోనులో పడ్డవాటిని కాల్చడానికి బెన్నీ దగ్గర అతని చిన్న తుపాకీ ఉంది, తాపీగా ఒక్కొక్కటీ చేసుకోవచ్చన్నాడు. బీడు దాటి వాగు వైపు దిగేసరికి నాన్న పాత ట్రక్కు కనిపించింది. తలుపు పడిన చప్పుడు ఆయన వరండా దాకా వినిపించి ఉంటుంది. చెప్పినట్టే అందరికంటే ముందు వచ్చాడు. ఆయన చేతిలో తుపాకీ లేదు.

బోనులో మంద పిచ్చెత్తినట్టు తిరుగుతోంది. గుండ్రంగా పరిగెత్తి, కలిసికట్టుగా అవతలి పక్క కంచె మీద విరుచుకుపడుతోంది. ఎప్పుడు కాల్చిన తూటాయో, అక్కడ రెండు పలకల్ని కలిపే బిగింపుని సగం తినేసింది. మిగతా సగం ఇప్పుడు ఊడిపోయింది. మేయరమ్మ ఆ పలక కిందికి ముట్టె దూర్చి ఎత్తుతోంది. ఎత్తినప్పుడల్లా సందు పెద్దదవుతోంది. ఆ సందుకి అవతల, పలకకి భుజం ఆనించి, కాళ్ళు బురదలో పాతుకుని, మా నాన్న నిలబడి ఉన్నాడు. టోపీ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆయన వదిలేస్తే మంద పోతుంది. వదలకపోతే ఆయన మీంచి పోతుంది.

బెన్నీ ట్రక్కు ఆగకముందే దూకి బోను చుట్టూ పరుగందుకున్నాడు. కానీ ఒక పక్క వాగు, దాని ఒడ్డంతా ముళ్ళ పొద. అతని చిన్న తుపాకీకి మేయరమ్మ పడదు. అడెలా పెట్టె తాళం తీసింది. రైఫిల్ తీసుకుని ట్రక్కు వెనక భాగం మీదికి ఎక్కింది. ఎత్తు నుంచి కాలిస్తే తూటా నేలలోకి దిగుతుందని బెన్నీ ఆవిడకి నేర్పాడు. భుజానికి ఆనించి, తుపాకీ మీదున్న దుర్బిణీలోంచి చూసింది. నేను పక్కనే ఉన్నాను.

“వదినా, పంది వెనక మామయ్యే ఉన్నాడు,” అంది.

ఆ తూటా పందిలోంచి దూసుకుపోగలదు. పైగా మేయరమ్మ ఒక్క తూటాకి పడేది కాదు, రెండు మూడు వెంటవెంటనే కొట్టాలి. ఇలాంటి సమయానికే కదా ఆ తుపాకీ అని డెల్బర్ట్ అంటాడు. ఇలాంటి సమయానికే వద్దన్నానని నాన్న అంటాడు. నేను మాత్రం దేవుణ్ణి తలుచుకున్నాను. తప్పుకోమని నాన్నని కేకేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మంద మళ్ళీ వెనక్కి వెళ్ళింది, మళ్ళీ పరుగెత్తుకొచ్చింది. పలక వంగి నాన్న ఛాతీ దాకా వచ్చింది.

“కాల్చవే అమ్మాయ్!” అని అరిచాడు నాన్న. “నేను పడుకుంటున్నాను!”

ఆయన టోపీ కంచె అంచు కిందికి దిగిపోయింది. పందుల వీపులూ, ఎగిరే బురదా తప్ప అటు ఏమీ కనిపించలేదు. ఆయన పడుకున్నాడో, పడిపోయాడో, పూర్తిగా కిందికి దిగాడో ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడో చెప్పగలిగే మనిషి అక్కడ లేడు. మేయరమ్మ తల, భుజాలు సందులోంచి బయటికొచ్చేశాయి.

అడెలా పెదవి కొరుక్కుంది. “పడుకోండి మామయ్యా,” అని తనలో తనే అన్నట్టు అంది. ఆవిడ వేలు మీట మీద బిగిసింది. మిగతాది వచ్చే వారం.